ఎముక మాయమైన గిన్నె: కుక్క తిండి వివాదం వెనక 160 ఏళ్ళు

విశాఖపట్నంలో కుక్కను పెంచుకునేవారి మధ్య తిండి ప్రస్తావన వస్తే మూడు పక్షాలు తయారవుతాయి. ప్యాకెట్లో వచ్చే డ్రై ఫుడ్ తప్ప మరేదీ ముట్టనివ్వకూడదనేది ఒక పక్షం. మనం వండుకున్నదే దానికీ ఇంత పెట్టాలనేది రెండోది. కుక్క తోడేలు సంతతి కాబట్టి పచ్చి మాంసం, పచ్చి ఎముక తప్ప మిగతాదంతా దానికి సరిపడని తిండేననేది మూడోది. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్టుమెంట్లలో వినిపించే ఈ వాదనల్లో మొదటిదీ మూడోదీ వేరే దేశాల్లో, అక్కడి అవసరాల నుంచి పుట్టి ఇక్కడికి చేరినవి. రెండోది మాత్రం మనదేనని అందరూ అనుకుంటారు గానీ, మనం ఇప్పుడు ఇంటి తిండి అని పిలుస్తున్నదానికీ ఈ ప్రాంతంలో కుక్కలు ఒకప్పుడు తిన్నదానికీ పోలిక తక్కువ.

కంపెనీ తిండి చరిత్ర ఒక ఓడరేవులో మొదలవుతుంది. మెరుపు కడ్డీలు అమ్ముకునే జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ 1860 ప్రాంతంలో లండన్ వెళ్ళినప్పుడు, ఓడల్లో నావికులకు ఇచ్చే గట్టి బిస్కెట్లలో పాడైనవాటిని రేవు దగ్గరి కుక్కలు ఆబగా తినడం చూశాడని చెబుతారు. గోధుమ పిండి, బీట్‌రూట్, కూరగాయలు, ఎండబెట్టిన గొడ్డు మాంసం కలిపి ఆయన తయారుచేసిన బిస్కెట్లు వేట కుక్కలున్న సంపన్నుల ఇళ్ళకు చేరాయి. అందులో ఏ మాంసం ఎంత పడుతుందో బయటపెట్టకపోవడం అప్పటి నుంచే ఉంది. ఆ కంపెనీలోనే చిన్న ఉద్యోగంలో చేరిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరుతో లండన్‌లో కుక్కల ప్రదర్శన మొదలుపెట్టాడు. జాతి కుక్క అనే భావన, దానికి ప్రత్యేకమైన తిండి అనే భావన ఆ విధంగా ఒకే అంగడిలో పెరిగాయన్నది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

ఆ తర్వాతి మార్పులకు కుక్కల ఆరోగ్యం కన్నా మిగిలిపోయిన సరుకూ, దొరకని సరుకూ ఎక్కువ కారణమయ్యాయి. మోటారు వాహనాలు పెరిగి గుర్రాల అవసరం తగ్గిన కాలంలో, 1922లో, అమెరికాలో గుర్రపు మాంసాన్ని డబ్బాల్లో నింపి కుక్కలకు అమ్మడం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో తగరానికి రేషన్ పెట్టడంతో డబ్బాలు కరువై, అట్టపెట్టెల్లోనూ కాగితపు సంచుల్లోనూ నిలవ ఉండే పొడి తిండికి గిరాకీ వచ్చింది. 1957లో ప్యూరినా కంపెనీ, అల్పాహారపు ధాన్యాలను పొంగించే ఎక్స్‌ట్రూడర్ యంత్రంతో కుక్కల తిండిని తయారుచేసి బజారుకు తెచ్చింది. మాంసపు పొడి, ధాన్యపు పిండి, నీళ్ళు కలిపిన ముద్దను ఆవిరితో, ఒత్తిడితో ఉడికించి సన్నని రంధ్రాల గుండా బయటికి తోస్తే, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి అది పొంగుతుంది. బ్లేడు దాన్ని ముక్కలుగా కోస్తుంది. తేమ పది శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టి, పైన కొవ్వు, రుచి కోసం మాంసపు సారం చిలకరిస్తారు. ఇవాళ మన దుకాణాల్లో దొరికే దాదాపు ప్రతి డ్రై ఫుడ్ ఈ పద్ధతిలో తయారైనదే. ఆ మరుసటి ఏడాది, 1958లో, అమెరికన్ కంపెనీలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. బల్ల మీద మిగిలిన తిండి కుక్కకు పెట్టడం దానికి హాని అనే ప్రచారం అక్కడ బలపడింది ఆ సంఘం వచ్చాకే. అంతకుముందు వేల ఏళ్ళు కుక్క బతికింది మిగిలిన తిండి మీదే కాబట్టి, ఆ మాటను అమ్మకందారు మాటగానే మొదట చూడాలి.

అలాగని కంపెనీ తిండి వెనక శాస్త్రం లేదనడం అన్యాయం. 1939లో అంధుడైన మోరిస్ ఫ్రాంక్‌కు దారి చూపే బడ్డీ అనే కుక్కకు మూత్రపిండాలు దెబ్బతింటే, మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు మాంసకృత్తులూ ఉప్పూ తగ్గించిన ప్రత్యేకమైన తిండిని వండి ఇచ్చాడు. గాజు సీసాల్లో పంపితే దారిలో పగిలిపోతున్నాయని తర్వాత డబ్బాల్లో నింపసాగారు. 1948లో హిల్ అనే కంపెనీ దాని తయారీ చేపట్టింది. జబ్బును బట్టి తిండిని మార్చే వైద్యానికి అది తొలి మెట్టు. దానితోపాటు అమెరికా జాతీయ పరిశోధన మండలి కుక్కకు ఏ పోషకం ఎంత కావాలో లెక్కలు కట్టి ప్రచురించడం, ఆ లెక్కలకు సరిపోతేనే సంచి మీద ‘సంపూర్ణ ఆహారం’ అని ముద్రించాలనే నియమం అక్కడ రావడం, ఈ పరిశ్రమ వల్ల జరిగిన అసలైన మేలు. రోజూ ఒకే తిండి తినే జంతువుకు, ఆ తిండిలో ఒక్క ఖనిజం తక్కువైనా పూడ్చుకునే దారి ఉండదు.

పచ్చి మాంసం వాదం ఈ సంచికి ఎదురుతిరిగి పుట్టింది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో తెచ్చిన పుస్తకంతో, మాంసం అంటిన పచ్చి ఎముకలు, కొంత కాలేయం, కొంత కూరగాయ కుక్కకు సహజమైన తిండి అనే మాట ప్రపంచమంతా పాకింది. దానికి అసలు బలం 2007లో వచ్చింది. చైనా నుంచి దిగుమతైన గోధుమ గ్లూటెన్‌లో (గోధుమ నుంచి తీసిన మాంసకృత్తుల పొడి) మెలమైన్ అనే రసాయనం కలిసి ఉండటంతో ఉత్తర అమెరికాలో ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. ఒక్క కంపెనీయే 6 కోట్లకు పైగా డబ్బాలనూ పౌచ్‌లనూ వెనక్కి తీసుకుంది. మాంసకృత్తులను నత్రజని పరిమాణాన్ని బట్టి కొలిచే పరీక్షను మోసగించడానికి, నత్రజని ఎక్కువగా ఉన్న ఆ రసాయనాన్ని కలిపారు. సంచి మీది అంకెను నమ్మవచ్చా అన్న అనుమానం ఆ తర్వాత పోలేదు. 2018లో ధాన్యం లేని, బఠాణీ, పప్పులు ఎక్కువగా ఉన్న తిండికీ కుక్కల గుండె కండరం బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. కార్యకారణ సంబంధం తేల్చడానికి చాలినంత సమాచారం లేదని 2022 చివర్లో చెప్పింది. ధాన్యం కుక్కకు పడదన్న మాటకు మాత్రం 2013లోనే గట్టి దెబ్బ తగిలింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి వ్యవసాయం నేర్చాక అతని మెతుకులు తిని బతకడానికి కుక్క ఒంట్లో వచ్చిన మార్పు అది.

మన ప్రాంతపు సంగతి ఇక్కడి నుంచి చూడాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకప్పుడు కుక్కకు ప్రత్యేకంగా వండిపెట్టిన ఇల్లు అరుదు. ఇంట్లో చోడి (రాగి) అంబలి కాస్తే అడుగున మిగిలింది దానికి, కోడిని కోస్తే ఎముకలు దానికి, చేపలు బాగుచేస్తే తలలూ ముళ్ళూ దానికి. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున చేపల వేలం సాగుతుంటే గంపల చుట్టూ తిరిగే కుక్కలు ఇప్పటికీ ఆ తిండే తింటున్నాయి. జాలరిపేటల్లో నెత్తళ్ళు అనే చిన్న చేపలు ముల్లుతో సహా కుక్క కడుపులోకే వెళ్ళేవి. ఆ తిండిలో సున్నం, అంటే కాల్షియం, పుష్కలంగా ఉండేది. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. వాటిలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ల వల్ల అదంతా ఒంటికి పట్టకపోయినా, పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే ఎన్నో రెట్లు నయం.

మారింది మన కంచం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలయ్యాక, చోళ్ళు తిన్న ఇళ్ళలో కూడా తెల్లన్నం రోజువారీ తిండి అయింది. తర్వాత బ్రాయిలర్ కోడి చవకైంది. ఆ తర్వాత స్కిన్‌లెస్, బోన్‌లెస్ వచ్చాయి. ఇవాళ నగరంలో శ్రద్ధగా కుక్కకు వండే ఇంటివారు ఏం చేస్తున్నారో చూడండి: ఎముక గొంతులో గుచ్చుకుంటుందని బోన్‌లెస్ చికెన్ తెచ్చి, ఉప్పూ కారమూ లేకుండా చిటికెడు పసుపు వేసి కుక్కరులో ఉడికించి, ఆ నీళ్ళతోనే తెల్లన్నం కలిపి స్టీలు గిన్నెలో పెడతారు. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగులను చీలుస్తుందన్న భయం నిజమైనదే. ఉల్లి, వెల్లుల్లి వేయకపోవడం కూడా సరైనదే, ఎందుకంటే అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కానీ ఆ గిన్నెను ఒకసారి లెక్కకట్టి చూడాలి. పాతిక కిలోల కుక్కకు రోజుకు సుమారు 1000 నుంచి 1200 కిలోకేలరీలు కావాలి. అందులో సగం అన్నం, సగం చికెన్ నుంచి వస్తే, 1000 కిలోకేలరీలకు అందే కాల్షియం 100 మిల్లీగ్రాములకు లోపే. ఎదిగిన కుక్కకు కావలసిన కనీసపు ప్రమాణం 1250 మిల్లీగ్రాములు. రోజూ రెండు వందల గ్రాముల పెరుగు కలిపినా ఇంకో 300 దాకా మాత్రమే చేరుతుంది. మాంసంలో కాల్షియం కన్నా భాస్వరం పది, పదిహేను రెట్లు ఉంటుంది కాబట్టి, శరీరం రక్తంలో సమతూకం కోసం సొంత ఎముకల నుంచే సున్నాన్ని లాగుతుంది. కాళ్ళు వంకరపోయిన ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలు పశువైద్యుల దగ్గరకు రావడం వెనక చాలాసార్లు ఉండేది ఈ ప్రేమగా వండిన గిన్నే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 ఇంటి వంటకాలను పరిశీలిస్తే, 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువగా ఉంది. వాటిలో కొన్ని పశువైద్యులు రాసినవే.

ఎముక లేకపోతే లోటేనన్న ఒక్క మాటలో పచ్చి మాంసం పక్షం చెప్పింది నిజం. చిక్కు మన చికెన్ దుకాణం దగ్గర ఉంది. కొట్టు ముందు బోనుల్లో కోళ్ళు, లోపల మొద్దు మీద కత్తి, పక్కన ప్లాస్టిక్ బకెట్టులో మెడలు, కాళ్ళు, తోలు, కందనకాయలు. ఆ బకెట్టులోది వేరే కవర్లో కట్టి, కుక్కలకని అడిగేవారికి చవకగా ఇస్తారు. మే నెల ఉక్కలో అది మధ్యాహ్నానికి ఏ స్థితికి వస్తుందో చెప్పనక్కరలేదు. అమెరికాలో శీతలీకరించి అమ్మే పచ్చి పెంపుడు ఆహారంలోనే, అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షించిన 196 నమూనాల్లో 15లో సాల్మొనెల్లా, 32లో లిస్టీరియా బయటపడ్డాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన అధ్యయనం, పచ్చి కోడి మాంసానికీ, ముఖ్యంగా మెడలకూ, కుక్కల్లో వెనక కాళ్ళ నుంచి మొదలయ్యే ఒక రకం పక్షవాతానికీ సంబంధం చూపింది. అనుమానం కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి మీద. మేక, గొర్రెల లోపలి అవయవాలు పచ్చివి పెడితే వాటిలో ఉండే హైడాటిడ్ తిత్తుల (బద్దెపురుగు పిల్లదశ ఉండే నీటి సంచులు) నుంచి బద్దెపురుగు కుక్కకు, దాని మలం నుంచి గుడ్లు మనిషికి చేరతాయి. ఈ ఒక్క కారణం మీదే న్యూజిలాండ్ 1959లో చట్టం చేసి, కుక్కలకు పచ్చి లోపలి అవయవాలు పెట్టడాన్ని దశాబ్దాలపాటు అదుపు చేసింది. ఇంట్లో పసిపిల్లలు, ముసలివారు ఉండి, కుక్క వచ్చి వారి మొహం నాకే అపార్టుమెంటులో ఇది చిన్న విషయం కాదు. ఈ నగరంలో, ఈ చికెన్ కొట్లతో, పచ్చి మాంసం పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

డ్రై ఫుడ్‌కు ఇక్కడి గాలి శత్రువు. సంచి తెరిచాక పైన చిలకరించిన కొవ్వు గాలి తగిలి ముక్కిపోతుంది. మొక్కజొన్న ఉన్న తిండిలో తేమ చేరితే బూజు పట్టి, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ పుట్టవచ్చు. కొన్ని దుకాణాల్లో 20 కిలోల సంచి మూతి తెరిచి, డబ్బాతో తోడి కిలో, అరకిలో చొప్పున లూజుగా అమ్ముతారు. కొన్న వ్యక్తి చేతికి తయారీ తేదీ ఉండదు, పోషకాల పట్టిక ఉండదు, సంపూర్ణ ఆహారమా కాదా తెలిపే వాక్యమూ ఉండదు. అంటే సంచి తిండికి ఉన్న ఒక్కగానొక్క సుగుణం సంచి దగ్గరే ఆగిపోతుంది. ఇలా అమ్మడానికి కారణం ధర. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పశువుల దాణా, కోళ్ళ మేత, రొయ్యల మేతకు పన్ను లేకుండా వదిలి, చిల్లర అమ్మకానికి కట్టిన కుక్కల తిండిపై 18 శాతం వేశారు.

అందుకే చాలా ఇళ్ళలో జరుగుతున్నది నాలుగో పద్ధతి: పొద్దున ఒక గుప్పెడు డ్రై ఫుడ్, రాత్రి చికెన్ అన్నం, మధ్యలో బిస్కెట్టు. బయటి నుంచి వచ్చిన వాదనలు రెండూ దీన్ని పట్టించుకోవు. సంపూర్ణ ఆహారానికి పైన ఇతర తిండి రోజు మొత్తం కేలరీల్లో పది శాతం దాటకపోతే సమతూకం చెడదని పోషకాహార వైద్యులు చెప్పే లెక్క ఇక్కడ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సగం గిన్నె సంచిదైతే సగం సున్నమే అందుతుంది. ఎదిగిన కుక్కకు పూర్తిగా ఇంట్లోనే వండే పక్షంలో, 1000 కిలోకేలరీల తిండికి మెత్తగా దంచిన గుడ్డు పెంకు పొడి సుమారు 3 గ్రాములు కలిపితే కాల్షియం లోటు తీరుతుంది. జింకు, అయోడిన్, విటమిన్ ఇ వంటివాటికి మాత్రం వైద్యుడు చూసి రాసిన మిశ్రమం అవసరం. దీనికి సరిగ్గా ఎదురైన పొరపాటు కుక్కపిల్లల దగ్గర జరుగుతోంది. పెద్ద జాతి పిల్లకు పప్పీ ఫుడ్ పెడుతూనే, ఎముకలు బలపడాలని పైన కాల్షియం సిరప్ పోస్తారు. ఎదిగిన కుక్కలా కాక, కొన్ని నెలల వయసు పిల్ల పేగు అక్కరలేని కాల్షియాన్ని వదిలిపెట్టలేక చాలా వరకు పీల్చుకుంటుంది, దానితో ఎదిగే ఎముకల మృదులాస్థి గట్టిపడవలసిన తీరు తప్పుతుంది. గ్రేట్ డేన్ పిల్లల మీద నెదర్లాండ్స్‌లో 1980లలో జరిగిన పరిశోధనలు దీన్ని స్పష్టంగా చూపించాయి. వైద్యుడు చెప్పకుండా ఆ సీసా మూత తీయనక్కరలేదు.