వాలిచ్ పంచిపెట్టిన ఎండాకులు

మన దేశంలో సేకరించిన మొక్కల ఎండు నమూనాలను లండన్ తిరిగి ఇచ్చేయాలా, స్కాన్లు ఇస్తే సరిపోతుందా? ఈ గొడవ మళ్ళీ రాజుకుంది. ఈస్టిండియా కంపెనీ దొరలకు వ్యాపారం కోసం మొక్కల మీద మోజు, ఆ కథ వదిలేద్దాం. చూడాల్సింది 1828.

ఆ ఏడాది కలకత్తా బొటానిక్ గార్డెన్ సూపరింటెండెంట్ నథానియల్ వాలిచ్ సెలవు మీద లండన్ వెళ్తూ, తోట హెర్బేరియాన్ని, అంటే ఎండు మొక్కల నమూనాల నిల్వను, దాదాపుగా ఖాళీ చేసి ఓడెక్కించాడు. 1832 దాకా అక్కడ కూర్చుని, తొమ్మిది వేలకు పైగా నంబర్లతో జాబితా రాసి, డూప్లికేట్లను (ఒకే మొక్క అదనపు నమూనాలను) యూరప్‌ సంస్థలకూ పండితులకూ పంచాడు. ముఖ్యమైన సెట్టు లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం లినియన్ సొసైటీకి పోయింది, 1913లో లండన్‌లోనే ఉన్న క్యూ వృక్షశాస్త్ర తోటకు చేరింది. కలకత్తాలో మాత్రం మళ్ళీ మొదటినుంచీ పోగేసుకోవాల్సి వచ్చింది.

కంపెనీ సొత్తును కంపెనీ అనుమతితోనే పంచాడు కదా అంటారు తిరిగి ఇవ్వక్కర్లేదనే వాళ్ళు. నిజమే. కానీ ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన నమూనానే టైప్ అంటారు. పేరు మీద తగువొస్తే దాన్నే చూడాలి. అది లండన్‌లో ఉంటే శాస్త్రమూ అక్కడే తయారవుతుంది. వృక్షశాస్త్రజ్ఞుడు హుకర్ ఏడు సంపుటాల గ్రంథం ‘బ్రిటిష్ ఇండియా వృక్షజాలం’ (1872–97) క్యూలో కూర్చుని తయారైందే.

స్కాన్లు బోలెడు పనికొస్తాయి, కాదనను. వాలిచ్ నమూనాలు అతికించిన షీట్లు ఇప్పుడు ఇంటినుంచే చూడొచ్చు. అయితే ఒకే నంబరు కింద వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు కోసిన కొమ్మలుంటాయి, పక్కన ఏ, బీ, సీ అని గుర్తులు. ఏది ఎక్కడిదో తేల్చాలంటే ఒక్కోసారి ఎండిన పువ్వును వేడినీళ్ళలో నానబెట్టి, విప్పి, కేసరాలు లెక్కపెట్టాలి. స్క్రీన్ మీద పువ్వు నానదు.

ఇక్కడుంటే చెదలకూ తేమకూ పోయేవి అన్నది ఇంకో వాదన. దానికి సాక్ష్యంగా వాలిచ్ కంటే ముందటి కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో పేరు ఎత్తుతారు. సామర్లకోటలో పనిచేసిన ఆయన సేకరణ 1787లో కోరంగి ఉప్పెనలో కొట్టుకుపోయింది. ఆయన మళ్ళీ పోగుచేశాడు, ఇక్కడి చిత్రకారుల చేత రెండున్నర వేలకు పైగా బొమ్మలు వేయించాడు. ఒక సెట్టు లండన్ వెళ్ళింది. ఇంకొకటి హౌరా తోటలో (అదే ఆ కలకత్తా బొటానిక్ గార్డెన్), అదే తేమలో, రెండు వందల ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఉంది.