నడిమి గదిలో పట్టుచీర ఫొటో

బరంపురం పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని బారుగా లోపలికి పోతాయి. వీధి గుమ్మంలో వెలుగు, పెరట్లో వెలుగు. నడిమి గదిలో మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గాని ఏమీ కనబడదు. పట్టుచీర మడత విప్పేది అక్కడే, కటక్ నుంచి వాట్సాప్‌లో అడిగినవాళ్లకు ఫొటో తీసేది కూడా అక్కడే. కుంకుమరంగు చీర ఇటికరంగులో, జరీ అంచు తెల్ల మరకలా పడుతుంది. రోజుల తరబడి చేసిన నేతపని ఆ ఒక్క బొమ్మలో చిన్నబోతుంది. దీనికి కొత్త ఫోను కొననక్కర్లేదు.

వెలుగును కొలిచేది లక్స్‌లలో. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఒక్క ట్యూబులైటున్న గదిలో 100 లక్స్ ఉంటే గొప్ప. కన్ను సర్దుకుపోతుంది కనుక ఈ వెయ్యి రెట్ల తేడా మనకు తెలియదు. ఫోను సెన్సారుకు తెలుస్తుంది. కాంతి కణాలు వాన చినుకుల్లా పడతాయి, అన్ని చోట్లా సమానంగా పడవు. ఒక పిక్సెల్‌లో, అంటే బొమ్మలోని ఒక్క చుక్కలో, సగటున 100 కణాలు పడేచోట 10 అటూ ఇటూ అవుతాయి, అంటే పది శాతం తేడా. 10,000 పడితే తేడా 100, ఒక్క శాతమే. ఫొటోలో ఇసక చల్లినట్టు కనిపించే గరుకు చాలావరకు ఇదే. ఐఎస్‌ఓ, అంటే బొమ్మను ఫోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె, పెంచితే కణాలు పెరగవు, బొమ్మతోపాటు గరుకూ పైకి తేలుతుంది. వెలుగైనా పెంచాలి, దాన్ని పట్టే సమయమైనా పెంచాలి.

వెలుగు సంగతి ముందు. చిన్న బల్బుకు దూరం సగమైతే వెలుగు నాలుగింతలు. ఎనిమిది అడుగుల దూరాన గోడకున్న 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును వైరు, హోల్డరుతో రెండడుగుల్లోకి తెస్తే 16 రెట్లు. ఖరీదైన ఫోను మార్చినా ఇంత లాభం రావడం కష్టం. అయితే ఉత్త బల్బు దగ్గరికొస్తే జరీ భగ్గున మెరిసి గీతలు మాయమవుతాయి. జరీ అద్దంలాంటిది, ఎదుట చుక్క ఉంటే చుక్కనే చూపిస్తుంది. బల్బుకూ చీరకూ మధ్య, బల్బుకు అడుగు దూరంలో తెల్ల పంచె ఒక పొర కట్టండి. అప్పుడు జరీ ఎదుట వెడల్పాటి తెల్ల తెర ఉంటుంది, అంచంతా ఒకే తీరున నిగ్గు తేలుతుంది. గుడ్డ చాలా వెలుగు తినేస్తుంది కాబట్టి రెండు బల్బులు పెట్టండి. గుడ్డ బల్బును తాకకూడదు. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడితేనే పడుగూ పేకా విడివిడిగా కనిపిస్తాయి, ఎదురుగా పడితే చీర కాగితంలా చదునవుతుంది. రెండో పక్కన నిలబెట్టిన థర్మోకోల్ షీటు నీడలను తేలిక చేస్తుంది. ఫోను ఫ్లాష్ వద్దే వద్దు.

సమయం పెంచాలంటే ఫోను కదలకూడదు. స్టూలు మీద కిలో బియ్యం సంచి పెట్టి, దానిలో ఫోను కుదురుగా దిగేసి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఫ్యాను ఆపండి. చాలామంది మరిచేది ఇదే, కొంగు వెంట్రుకవాసి ఊగినా నేత చెదిరిపోతుంది. కెమెరాలో అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ 100, షట్టర్ (వెలుగు పట్టే సమయం) 1/25 లేదా 1/10 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50, 1/25, 1/10 ఆ మినుకులకు సరిగ్గా సరిపోతాయి. 1/60 పెడితే బొమ్మ మీద అడ్డచారలు రావచ్చు. ప్రో మోడ్ లేకపోతే నైట్ మోడ్ చాలు. అది వరసగా తీసిన బొమ్మలను కలుపుతుంది, 16 బొమ్మల సగటుకు గరుకు నాలుగో వంతుకు దిగుతుంది.

రంగు దగ్గరే కొనేవాళ్లతో మాట వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలి దీపం, దాని మీద పసుపు పూత. ముదురు ఎరుపు అందులో కొద్దిగానే ఉంటుంది, అందుకే మెరూన్ పట్టు మట్టిరంగుకు తిరుగుతుంది. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్ఐ. డబ్బా మీద సీఆర్ఐ 90 అని ఉన్న బల్బు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పి, చీర మీద తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనిపించేదాకా కెమెరాలో తెలుపును సరిచేసే వైట్ బ్యాలెన్స్ జరపండి. ఆ తర్వాత అదే చీర కొంగును వీధి గుమ్మంలో, ఎండ నేరుగా పడని చోట ఒక్కటి తీసి, రెండు ఫొటోలూ కలిపి పంపండి.