ఎప్పుడు తగ్గాలో తెలిసిన చార్జర్

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అక్క, బావగారు డల్లాస్ ప్రయాణమయ్యారు. అక్కడ మనవరాలు పుట్టింది. తిరిగి నిజాంపేటలో మేమూ ఉండే అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికి మే మూడో వారం. మర్నాడు పొద్దున్నే కూరగాయలకని బావగారు సెల్లార్‌లోకి దిగి రిమోట్ నొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు. తాళంచెవితో తలుపు తీసి సెల్ఫ్ కొడితే టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. వాచ్‌మన్ పిలుచుకొచ్చిన మెకానిక్ బ్యాటరీకి మీటర్ పెట్టి చూసి, "ఇగ ఇది లేవదు సార్, కొత్తది వేసుకోవాలె" అని తేల్చేశాడు.

బావగారు వెంటనే నాకు ఫోన్ చేశారు. "ఏమోయ్, బ్యాటరీ కొని రెండేళ్లు కూడా కాలేదు. నాలుగు నెలలుగా అసలు వాడనే లేదు. వాడకుండా ఎలా పాడవుతుంది?"

వాడకపోవడం వల్లే పాడైంది బావగారూ అంటే ఆయన నమ్మలేదు. లెక్క వేసి చూపించాల్సి వచ్చింది.

తాళం వేసి పెట్టిన కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ ఎప్పుడు నొక్కుతారా అని ఓ చెవి వేసి ఉంచుతుంది. అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకశక్తి, అన్నీ తలా కాస్త కరెంటు తాగుతుంటాయి. మామూలు కారులో ఇది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. 30 అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). ఆయన కారులో ఉన్నది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. అంటే సుమారు 48 రోజుల్లో ఖాళీ. డల్లాస్‌లో వీళ్లు ఉగాది పచ్చడి తినే నాటికే ఇక్కడ సెల్లార్‌లో బ్యాటరీ అడుగంటింది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా అలా ఖాళీగా పడి ఉంది. దాని ప్రాణం తీసింది ఆ రెండు నెలలే. (చాలామంది ఫాస్టాగ్ మీద అనుమానపడతారు. పాపం, దానికి కారు బ్యాటరీతో సంబంధమే లేదు. డాష్‌క్యామ్‌ని పార్కింగ్ మోడ్‌లో వదిలేస్తే మాత్రం నెలన్నర కూడా పట్టదు, కొద్ది రోజులు చాలు.)

ఈ సీసం బ్యాటరీ పాతకాలపుది. 1859లో గాస్తోన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రెండు సీసపు రేకులను చుట్టచుట్టి ఆమ్లంలో ముంచి తయారుచేశాడు. మన వాళ్లు తిరుపతి దగ్గర కరకంబాడిలో ఈరోజు తయారుచేస్తున్న వాటిలోనూ మూలసూత్రం అదే. లోపల ఆరు గదులు. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఒక పలక సీసం, ఇంకో పలక లెడ్ డయాక్సైడ్, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుతున్న కొద్దీ రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, ఆమ్లం పలచబడి నీళ్ల వైపు జరుగుతుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి తిరుగుతుంది.

తిరుగుతుంది గానీ, వెంటనే పెడితేనే. కొత్తగా పట్టిన సల్ఫేట్ పిండిలా మెత్తగా ఉంటుంది, తేలిగ్గా కరుగుతుంది. వారాల తరబడి వదిలేస్తే నిలవ ఉన్న పాకం పలుకులు కట్టినట్టు చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై గట్టిపడతాయి. పెద్ద పలుకు త్వరగా కరగదు, కరెంటునూ సరిగ్గా పోనివ్వదు. దాని కింద దాగిన పలక భాగం ఇక పనికి రాదు. బ్యాటరీవాళ్లు సల్ఫేషన్ అనేది దీన్నే. సగం ఖాళీగా నిలవ ఉన్న బ్యాటరీలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా.

దీనికి మన ఊరి ఎండ తోడవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. వాడకుండానే తనంతట తాను ఖాళీ అవడం, లోపలి లోహం తినేయబడడం, రెండూ వేగం పుంజుకుంటాయి. చలిదేశాల వాళ్లకి శీతాకాలంలో బ్యాటరీ మొరాయిస్తుంది. మనకి దాని ఆయుష్షు తగ్గేది ఏప్రిల్, మే నెలల్లో. అది బయటపడేది మాత్రం ఎప్పుడో వానాకాలంలో, ఆఫీసుకి ఆలస్యమవుతున్న రోజున.

"వారానికోసారి వాచ్‌మన్‌తో స్టార్ట్ చేయించి పది నిమిషాలు ఉంచమంటే సరిపోయేది కదా?" అన్నారు బావగారు. ఈ మాట హైదరాబాద్‌లో ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ వినిపిస్తుంది. లెక్క ఒప్పుకోదు. వారం రోజుల్లో కారు తాగింది 5 ఆంపియర్ అవర్లు. కారు కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, దానితోపాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 20 ఆంపియర్లు వెళ్లాయని ఉదారంగా అనుకున్నా, పది నిమిషాలకి చేరేది 3.3 మాత్రమే. మిగతా లోటు అలాగే వారం వారం పెరుగుతుంది. పైగా సెల్లార్ నిండా పొగ. తమాషా ఏమిటంటే, సెల్ఫ్ కొట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 200 ఆంపియర్లు మూడు సెకన్లు లాగినా 0.17 ఆంపియర్ అవర్ మించదు. బ్యాటరీని దించేది ఆ మూడు సెకన్లు కాదు, ఆ తర్వాత కదలకుండా గడిచే వారం.

ఇక చార్జర్ సంగతి. పాత బ్యాటరీ షాపుల్లో గుర్రుమని మోగే ఇనుప డబ్బా చూసే ఉంటారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, ముల్లుండే మీటర్. అది తోస్తూనే ఉంటుంది. బ్యాటరీ నిండిందా లేదా అన్నది దానికి పట్టదు, చూసుకోవాల్సింది మనిషి. స్మార్ట్ చార్జర్ ఆ మనిషి పనిని చిన్న చిప్‌కి అప్పగించింది.

పండగ ముందురోజు ఎంజీబీఎస్‌లో బస్సు ఎక్కే జనాన్ని ఊహించుకోండి. ఖాళీ బస్సులోకి మొదట ఎందరు వచ్చినా చకచకా సర్దుకుంటారు. ముప్పావు వంతు నిండాక ఒక్కొక్కరూ సీటు వెతుక్కోవాలి, ద్వారం దగ్గర ఆగాలి. అప్పుడూ అదే ఊపున వెనకనుంచి తోస్తే గొడవే. బ్యాటరీ కూడా అంతే. మొదటి దశలో చార్జర్ తన పూర్తి కరెంటు ఇస్తుంది, వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది. 14.4 దగ్గరికి రాగానే ఇక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి, బ్యాటరీ ఎంత తీసుకుంటే అంతే ఇస్తుంది. కరెంటు తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. చివరి 20 శాతానికి, మొదటి భాగానికి పట్టినంత సేపో, ఇంకా ఎక్కువో పడుతుంది. గంటలో ఫుల్ చేసిస్తామని చెప్పే చోట బ్యాటరీ నిజంగా నిండదు. బ్యాటరీ పూర్తిగా నిండాక స్మార్ట్ చార్జర్ 13.5 వోల్టుల దగ్గరికి దిగి, తనంతట తాను కారిపోయేదాన్ని మాత్రం భర్తీ చేస్తూ కూర్చుంటుంది. దీన్ని ఫ్లోట్ అంటారు. ఇంట్లో ఇన్వర్టర్ ఏళ్ల తరబడి చేస్తున్నదీ ఇదే.

తగ్గకపోతే ఏమవుతుంది? సల్ఫేట్ అంతా అయిపోయాక లోపలికి తోసిన కరెంటు నీళ్లను విడగొడుతుంది. ఒక ఆంపియర్ అవర్ ఎక్కువైతే ఆరు గదుల్లో కలిపి రెండు గ్రాముల నీరు పోయి, రెండున్నర లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు. సీల్ చేసిన దాంట్లో పోయిన నీరు పోయినట్టే. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇందుకే క్లిప్పులు పెట్టే వరసకి అంత ప్రాముఖ్యం. ముందు ఎర్ర క్లిప్ ప్లస్‌కి. తర్వాత నల్ల క్లిప్, బ్యాటరీ మైనస్‌కి కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ మీదో బాడీ మీదో రంగు లేని ఇనుముకి. ఆ తర్వాతే గోడ మీద స్విచ్. తీసేటప్పుడు తిరగేసి. నిప్పురవ్వ వచ్చినా గ్యాస్ ఉన్న చోట రాకూడదని ఈ ఏర్పాటు. కొత్త కార్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ కూర్చుని, ఎంత వచ్చింది, ఎంత పోయింది అని పద్దు రాస్తుంటుంది. నేరుగా మైనస్‌కి తగిలిస్తే ఆ జమ దాని పద్దులోకి ఎక్కదు.

కొనేటప్పుడు డబ్బా మీద ఎన్ని దశలని రాశారో చూసి మోసపోకండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని పోటీలు పడి రాస్తారు. నిజంగా పని చేసేవి నేను పైన చెప్పిన మూడే. మిగతావి బ్యాటరీని పరీక్షించడాలు, అప్పుడప్పుడు సవరించడాలు. నేను చూసేవి వేరే. మొదటిది కరెంటు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు దగ్గర ఉంటే చాలు. 35, 45 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీకి 4 లేదా 5 ఆంపియర్ల చార్జర్. స్కూటర్లలో ఉండేవి 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీలు, వాటికి ఒక ఆంపియర్ లోపే. మంచి చార్జర్‌లో బైకు బొమ్మ, కారు బొమ్మ వేరువేరుగా ఉంటాయి.

కొన్నింటిలో మంచు బొమ్మ కూడా ఉంటుంది. యూరప్ చలి కోసం పెట్టిన మోడ్ అది, 14.7 వోల్టుల దాకా వెళ్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే కొన్ని కార్లలో ఏజీఎం (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో ఇంకించి ఉంచే) రకం బ్యాటరీ ఉంటుంది, దానికీ అదే మోడ్ వాడమని చాలామంది తయారీదారులు చెబుతారు. అలాంటి బ్యాటరీ లేకపోతే మే నెల హైదరాబాద్‌లో మంచు బొమ్మ జోలికి పోవద్దు. లిథియం బ్యాటరీకి విడిగా లిథియం మోడ్ ఉన్న చార్జరే వాడాలి.

నా దృష్టిలో మన ఊరికి అన్నిటికన్నా అవసరమైంది, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసేది: ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ సవరించుకోవడం. 14.4 అనే అంకె 25 డిగ్రీలకు. అంతకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టులు తగ్గాలి. 40 డిగ్రీల రోజున 14.1 చాలు. ఆ తేడా తెలియని చార్జర్ మన వేసవిలో ప్రతిసారీ కొంచెం ఎక్కువ తోసి, కొంచెం నీళ్లు ఎగరగొడుతుంది. సెన్సర్ చాలాసార్లు చార్జర్ డబ్బాలోనే ఉంటుంది కాబట్టి చార్జర్‌ని బ్యాటరీ ఉన్న చోటే, అదే వేడిలో ఉంచాలి. అలాగని బ్యాటరీ మీదే పెట్టకూడదు, ఆమ్లపు ఆవిరి తగులుతుంది. సెల్లార్ నేల మీదా పెట్టకండి. పెద్ద వాన పడితే మన సెల్లార్లు ఏమవుతాయో తెలిసిందే.

"రికండిషన్", "రిపేర్" మోడ్‌ల గురించి ఒక మాట. కాస్త సల్ఫేట్ పట్టిన బ్యాటరీ వాటితో తేరుకోవచ్చు. వోల్టేజీని 15 దాటించేవి ఉంటాయి కాబట్టి, బ్యాటరీని కారునుంచి విడదీసి, నీళ్లు పోసే రకానికే వాడాలి. చచ్చిన దాన్ని బతికిస్తుందంటే మాత్రం నేను నమ్మను. బావగారి బ్యాటరీకి నా చార్జర్ తగిలించి చూశాం. ఎర్ర లైటు వెలిగింది తప్ప కరెంటు పోలేదు. మరీ అడుగంటిన బ్యాటరీని చాలా స్మార్ట్ చార్జర్లు అసలు బ్యాటరీగానే గుర్తించవు. వైర్లు తప్పుగా తగిలాయేమో అనుకుని ఆగిపోతాయి. షాపులో ఆ గుర్రుమనే ఇనుప డబ్బాకే తగిలిస్తే రాత్రంతా చార్జింగ్ ఎక్కింది. మర్నాడు మధ్యాహ్నం 12.1, ఆ మర్నాడు 11.8. తగిలించినవేవీ లేకుండానే దిగిపోతోంది. మెకానిక్ మాటే నిజమైంది.

ఈ అంకెలు చదవడం నేర్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని వందలకే మల్టీమీటర్ దొరుకుతుంది. కారు ఆపి, కొన్ని గంటలు వదిలేశాక చూడాలి. 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.9 అంటే దాదాపు ఖాళీ. చార్జింగ్ తీసిన వెంటనే 13 కనిపిస్తే మురిసిపోకండి, అది పైపై పొంగు. నేను 12.4కి దిగగానే చార్జర్ పెడతాను, రాత్రి పెట్టి పొద్దున తీస్తాను.

రోజూ యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, ఆ డబ్బుతో టైర్లలో గాలి చూసే గేజి కొనుక్కోవచ్చు. ఇంటినుంచి పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే బండి తీసేవాళ్లకి, ఇంట్లో రెండో కారు ఉన్నవాళ్లకి, అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. ఎలక్ట్రిక్ కారు కొన్నాం, మాకు ఈ బాధ లేదనుకోవద్దు. దాని తాళాలు, కంప్యూటర్లు నడిపేది కూడా ఓ చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు.

సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ లేనివాళ్లకి చార్జర్ కన్నా చవకైన మార్గం పది నంబరు స్పానర్. బయల్దేరే ముందు బ్యాటరీ నింపి మైనస్ వైరు తీసేస్తే కారు తాగడం ఆగిపోతుంది. గడియారం మళ్లీ పెట్టుకోవాలి, అద్దాలు కాస్త మారాం చేయొచ్చు. తాళంచెవితో ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే చూసుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ కరెంటుతోనే తెరుచుకునే కారైతే అదో కథ.

మా సెల్లార్‌లో ప్లగ్ ఉంది, కానీ అది కామన్ మీటర్ మీద. సొసైటీ ట్రెజరర్‌గారు ఒకరోజు నా కారు దగ్గర చార్జర్ పచ్చలైటు చూసి నిలదీశారు. సగం దిగిన బ్యాటరీని రాత్రంతా నింపినా అర యూనిట్ దాటదని, ఆ తర్వాత ఫ్లోట్‌లో నెలంతా వదిలేసినా రెండు మూడు యూనిట్లేనని కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నారు. మరుసటి నెల మెయింటెనెన్స్ రసీదులో కొత్త వరస కనిపించింది: "బ్యాటరీ చార్జింగ్, 50 రూపాయలు." బావగారి రసీదులో కూడా. ఆయన ఇంకా చార్జర్ కొననే లేదు.