కోర్టు మెట్లెక్కని న్యాయవాదం

మన దేశంలో పేరున్న లా ఫర్మ్ వెబ్‌సైట్ ఏది తెరిచినా సాధారణంగా ముందుగా ఒక పెట్టె అడ్డు వస్తుంది. బార్ కౌన్సిల్ నిబంధనలు ప్రచారాన్ని అనుమతించవు, మీ అంతట మీరే మా గురించి తెలుసుకోవాలని వచ్చారు, ఇక్కడున్నది న్యాయ సలహా కాదు అన్న అర్థంలో నాలుగు వాక్యాలు ఉంటాయి. కింద 'అంగీకరిస్తున్నాను' అన్న మీట ఉంటుంది. అది నొక్కితేనే లోపలికి దారి. వేల కోట్ల రూపాయల విలీనాలకు పత్రాలు రాసే సంస్థ తాను ఏ పని చేస్తుందో చెప్పుకోవడానికి ఇంత జాగ్రత్త ఎందుకు పడుతోందో తెలియాలంటే 1961 నాటి న్యాయవాదుల చట్టం దగ్గరికి వెళ్లాలి.

ఆ చట్టం మనసులో ఉన్న న్యాయవాది ఒక వ్యక్తి. అతని పేరు రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో ఉంటుంది, చేతిలో సనద్, అంటే వృత్తి చేసేందుకు అనుమతి పత్రం, ఉంటుంది, ఒంటి మీద నల్లకోటు ఉంటుంది, ఎదురుగా న్యాయమూర్తి ఉంటారు. సంస్థకు సనద్ లేదు. వృత్తిలో తప్పు జరిగితే 35వ సెక్షన్ కింద విచారణ ఎదుర్కొనేది కూడా వ్యక్తే. ఈ రోజు వందలమంది న్యాయవాదులు ఒకే పేరు కింద పనిచేసే కార్యాలయాలు ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉన్నాయి. వ్యాపారి నమ్మి వెళ్లేది ఆ పేరును చూసే. చట్టానికి ఆ పేరుతో పరిచయం లేదు. ప్రచార నిషేధం, భాగస్వాముల సంఖ్యపై పరిమితి, విదేశీ సంస్థల ప్రవేశంపై ముప్పై ఏళ్లుగా సాగుతున్న తగాదా, ఇవన్నీ ఈ ఒక్క లోటు చుట్టూ తిరిగినవే అని నా అభిప్రాయం.

ఇంతకీ ఈ కార్యాలయాల్లో జరిగే పని ఏమిటి? ఒక కంపెనీ మరో కంపెనీని కొనబోతోంది అనుకుందాం. అమ్మేవారు తమ కాగితాలన్నీ ఒకచోట పెడతారు: వాటాల రిజిస్టరు, బ్యాంకు రుణ పత్రాలు, భూమి దస్తావేజులు, ఉద్యోగుల ఒప్పందాలు, పన్ను నోటీసులు. కొనేవారి తరఫు జూనియర్లు వాటిని వరుసగా చదువుతారు. దీన్నే డ్యూ డిలిజెన్స్ అంటారు. రుణ ఒప్పందంలో ఎక్కడో లోపలి పేజీలో 'యాజమాన్యం మారితే బ్యాంకు ముందస్తు అనుమతి తప్పనిసరి, లేకుంటే బకాయి మొత్తం వెంటనే చెల్లించాలి' అన్న ఒక్క షరతు ఉంటుంది. అది కంటపడకపోతే, కొన్న మర్నాడే రుణమంతా మీద పడుతుంది. కంటపడితే బ్యాంకు అనుమతి వచ్చాకే డబ్బు చేతులు మారాలన్న నిబంధన అమ్మకపు ఒప్పందంలోకి ఎక్కుతుంది. ఏ తీర్పుల సంపుటిలోనూ కనిపించని ఈ పని న్యాయవాదం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వివాదం పుట్టకముందే దాన్ని ఆపిన పని అది.

ఈ పని మనకు కొత్తదేమీ కాదు. బొంబాయిలో క్రాఫర్డ్ బేలీ 1830లో మొదలైంది. కలకత్తాలో ఖైతాన్ అండ్ కో 1911లో పుట్టింది. దాన్ని స్థాపించిన దేవీప్రసాద్ ఖైతాన్ తరువాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడయ్యారు. అమర్‌చంద్ సంస్థ మూలాలు 1917 నాటివి. ఆ కాలంలో బొంబాయి, కలకత్తా హైకోర్టుల ఒరిజినల్ సైడ్‌లో, అంటే దావాలు నేరుగా దాఖలయ్యే విభాగంలో, ఇంగ్లండు పద్ధతి నడిచేది. కక్షిదారుతో మాట్లాడి, పత్రాలు సిద్ధం చేసేవారు సొలిసిటర్లు, అటార్నీలు. కోర్టులో వాదించేవారు వేరు. కాబట్టి కోర్టులో నిలబడకుండానే న్యాయవృత్తి చేయడానికి అప్పట్లో గుర్తింపు ఉన్న ఒక స్థానం ఉండేది. 1961 చట్టం వృత్తిలోని వేర్వేరు తరగతులను తీసేసి 'అడ్వకేటు' అన్న ఒకే తరగతిని నిలిపింది. మిగిలిన అటార్నీల వ్యవస్థ కూడా 1976 సవరణతో పోయింది. అంతస్తులు పోవడం మంచిదే. కానీ వాటితోపాటు కోర్టుకు వెళ్లకుండా గదిలోనే పనిచేసే వకీలుకు ఉన్న ప్రత్యేక గుర్తింపు కూడా పోయింది. బొంబాయిలో సొలిసిటర్ పరీక్ష మాత్రం గౌరవ చిహ్నంగా మిగిలింది.

పరిమితులు రెండు వైపుల నుంచి బిగిశాయి. మొదటిది 1956 కంపెనీల చట్టం 11వ సెక్షన్. లాభం కోసం కలిసి పనిచేసేవారు ఇరవై మందిని మించితే కంపెనీగా నమోదు కావాలని అది చెప్పింది. న్యాయవాదులు కంపెనీ పెట్టి వృత్తి చేయలేరు. కాబట్టి ఇరవయ్యొకటో భాగస్వామికి చోటు లేదు. ఇంగ్లండు ఇదే పరిమితిని సొలిసిటర్లకు 1967లోనే ఎత్తేసింది. మన దగ్గర మరో నలభై ఏళ్లు నడిచింది. ఒకే పేరుతో వేర్వేరు భాగస్వామ్య పత్రాలు రాసుకుని నెట్టుకురావాల్సి వచ్చింది. సంస్థలు కుటుంబాల చేతుల్లోనే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. పైకి రాగల సమర్థులకు ఇవ్వడానికి కుర్చీలే తక్కువ.

రెండోది బార్ కౌన్సిల్ 36వ నియమం. సర్క్యులర్లు, ప్రకటనలు, మధ్యవర్తులు, ఏ రూపంలోనూ న్యాయవాది పని కోసం అర్థించకూడదని అది శాసిస్తుంది. బొంబాయి మెజిస్ట్రేటు కోర్టు గుమ్మం దగ్గర కక్షిదారుల కోసం న్యాయవాదులు తోసుకున్న వ్యవహారంలో డెబ్బయిల నడుమ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. న్యాయవాదం వ్యాపారం కాదు, కేసులు సరుకులు కావు అని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అందులో రాశారు. ఆ మాట విలువ తగ్గించలేం. చేయి పట్టి లాగితే వెళ్లిపోయే నిస్సహాయుడైన కక్షిదారును కాపాడేందుకు పుట్టిన నియమం అది. అయితే సొంత న్యాయ విభాగం ఉన్న పెద్ద కంపెనీకి కూడా అదే కొలత వర్తించింది. 2008లో కొంచెం సడలించారు. పేరు, చిరునామా, ఫోను, అర్హతలు, నమోదు వివరాలు, ఏ రంగాల్లో పనిచేస్తారు అన్నవి వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చన్నారు. మొదట చెప్పిన పెట్టె అప్పటి నుంచి ఆ సడలింపు హద్దు దాటకుండా పెట్టుకున్న కాపలా.

1991 ఆర్థిక సంస్కరణలతో పని స్వరూపమే మారింది. అంతకుముందు కంపెనీలు కొత్తగా జారీ చేసే వాటాల ధర కూడా ప్రభుత్వ కంట్రోలరే నిర్ణయించేవారు. 1992లో ఆ వ్యవస్థ రద్దయి, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. విదేశీ పెట్టుబడి, ఉమ్మడి సంస్థలు, విద్యుత్ ప్రాజెక్టుల రుణాలు, ప్రాస్పెక్టస్‌లు, ఇవన్నీ ఒక్కసారిగా న్యాయవాదుల బల్ల మీదికి వచ్చాయి. వాటి వెంటే విదేశీ న్యాయ సంస్థలూ వచ్చాయి. వైట్ అండ్ కేస్, చాడ్‌బోర్న్ అండ్ పార్క్, యాషర్స్ట్ సంస్థలకు అనుసంధాన కార్యాలయాలు తెరిచేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చింది.

లాయర్స్ కలెక్టివ్ అనే సంస్థ 1995లో బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. సనద్ లేనివారు ఇక్కడ న్యాయవృత్తి ఎలా చేస్తారన్నది దాని ప్రశ్న. తాము కోర్టుకు వెళ్లడం లేదు, ఒప్పందాలు రాస్తున్నాం, సలహా ఇస్తున్నాం, అది చట్టం చెప్పే 'ప్రాక్టీసు' కిందికి రాదు అన్నది విదేశీ సంస్థల జవాబు. పద్నాలుగేళ్లు నానిన తరువాత 2009 డిసెంబరు 16న తీర్పు వచ్చింది. 29వ సెక్షన్‌లోని న్యాయవృత్తిలో కోర్టు బయటి పని కూడా భాగమే, సనద్ లేనివారు దాన్ని చేయకూడదు, రిజర్వు బ్యాంకు అనుమతులు చెల్లవు అని హైకోర్టు తేల్చింది. విదేశీయుల మీద గెలుపుగా దాన్ని అప్పట్లో చెప్పుకున్నారు. నాకు మాత్రం అందులో కనిపించే పెద్ద విషయం వేరు. గదిలో కూర్చుని ఒప్పందం రాసేవాడు కూడా న్యాయవాదేనని ఒక రాజ్యాంగ న్యాయస్థానం అంత స్పష్టంగా చెప్పింది.

తరువాత ఎ.కె. బాలాజీ అనే న్యాయవాది మద్రాసు హైకోర్టులో ముప్పైకి పైగా విదేశీ సంస్థల మీద వేసిన వ్యాజ్యంలో 2012 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. తమ దేశపు చట్టం గురించి సలహా ఇవ్వడానికి తాత్కాలికంగా వచ్చి వెళ్లవచ్చని, అంతర్జాతీయ మధ్యవర్తిత్వాల్లో పాల్గొనవచ్చని కోర్టు చెప్పింది. 2018 మార్చి 13న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ధర్మాసనం రెండు తీర్పుల సారాన్ని కలిపింది. కోర్టు బయటి పనీ న్యాయవృత్తే. ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్లడం వృత్తి చేయడం కాదు. ఆ హద్దు దాటారా లేదా అన్నది ఒక్కో సందర్భాన్ని బట్టి తేలుతుంది. నియమాలు రాసే బాధ్యత బార్ కౌన్సిల్‌ది, కేంద్ర ప్రభుత్వానిది.

ఈలోగా లోపలి మనుషులు మారిపోయారు. బెంగళూరు నేషనల్ లా స్కూల్, ఆ బాటలో 1998లో హైదరాబాద్‌లో వచ్చిన నల్సార్, వీటి అయిదేళ్ల కోర్సుల నుంచి నేరుగా సంస్థల్లో చేరే తరం తయారైంది. వీరిని అసోసియేట్లు అంటారు. వీరి స్థితి వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. పూర్తికాలపు జీతగాడు న్యాయవాదిగా ఉండరాదని బార్ కౌన్సిల్ 49వ నియమం చెబుతుంది. అందుకే చాలా సంస్థల్లో అసోసియేట్ కాగితం మీద ఉద్యోగి కాడు. ప్రతి నెలా ఒకే తేదీన ఒకే మొత్తం అందుతుంది, దాని పేరు మాత్రం వృత్తి రుసుము. భవిష్య నిధి ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. అర్ధరాత్రి దాటాక పదమూడో ముసాయిదా సరిచూసే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి చట్టం లెక్కలో స్వతంత్ర వృత్తి చేసుకుంటున్న వ్యక్తి. ఇది నన్ను బాధించే విషయం. కోర్టు వకీలు స్వేచ్ఛను కాపాడటానికి రాసిన నియమం ఇక్కడ ఒక యువతి హక్కులకు అడ్డుగోడ అవుతోంది.

ఇరవై మంది పరిమితి మాత్రం సులువుగానే తొలగింది. 2008 నాటి పరిమిత బాధ్యతా భాగస్వామ్య చట్టం ఒక దారి చూపింది. 2013 కంపెనీల చట్టం ప్రత్యేక చట్టాల కిందికి వచ్చే వృత్తినిపుణులను సంఖ్యా పరిమితి నుంచి మినహాయించింది. సంస్థలు పెరిగాయి, చీలాయి కూడా. అమర్‌చంద్ 2015లో అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయింది. మరుసటి ఏడాది దివాలా స్మృతి రావడంతో ఈ సంస్థల న్యాయవాదులు కంపెనీ లా ట్రైబ్యునల్ ముందు బారులు తీరారు.

బార్ కౌన్సిల్ 2023 మార్చిలో విదేశీ న్యాయవాదుల నమోదు నియమాలను ప్రకటించింది. ఏళ్ల తరబడి వద్దన్న సంస్థే తలుపు కొంత తెరిచింది. విదేశీ చట్టం, అంతర్జాతీయ చట్టం మీద సలహా ఇవ్వవచ్చు. వాళ్ల దేశం మన న్యాయవాదులకు అదే అవకాశం ఇవ్వాలి. కోర్టులు, ట్రైబ్యునళ్ల ముందుకు రాకూడదు. ఆస్తి దస్తావేజులు, హక్కు పత్రాల పరిశీలన ముట్టకూడదు. 2025 మేలో వీటిని సవరించారు. వచ్చి వెళ్లేవారు పన్నెండు నెలల్లో 60 రోజులు మించి ఉండరాదు.

ఈ సవరణకు కొద్ది నెలల ముందు, ఫిబ్రవరిలో, కేంద్రం న్యాయవాదుల చట్ట సవరణ బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. 'న్యాయవృత్తిదారు' నిర్వచనంలోకి లా ఫర్మ్‌లలో, కంపెనీలలో న్యాయ సంబంధమైన పని చేసేవారిని స్పష్టంగా చేర్చింది. 1961లో వదిలేసిన ఖాళీని పూడ్చే ప్రయత్నం అది. కానీ అదే ముసాయిదాలో విధుల బహిష్కరణపై నిషేధం ఉంది, బార్ కౌన్సిల్‌లో కేంద్రం సభ్యులను నియమించే వీలూ ఉంది. వృత్తి స్వతంత్రతకు ఇది గండి అని న్యాయవాదులు వీధుల్లోకి వచ్చారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. పది రోజులు తిరక్కుండానే ముసాయిదా వెనక్కి వెళ్లింది. అక్కరలేని అంశాలతోపాటు, ఎవరూ పెద్దగా వ్యతిరేకించని ఆ నిర్వచనం కూడా వెళ్లిపోయింది.

అలా ఒక విదేశీ లా ఫర్మ్ తన పేరు మీద బార్ కౌన్సిల్ దగ్గర నమోదు కావడానికి నేడు నియమాలు ఉన్నాయి. మన సంస్థ కూడా విదేశీ చట్టం మీద పని చేయదలిస్తే 2025 సవరణ ప్రకారం పేరు నమోదు చేసుకోవచ్చు. మన దేశపు చట్టం మీద, మన కంపెనీల కోసం పనిచేస్తున్నంత వరకు ఆ సంస్థ పేరుకు న్యాయవాదుల చట్టంలో ఇప్పటికీ చోటు లేదు.