ఊపిరి లయ తగువు వెనుక ఒక పొటాషియం అంకె

ఊపిరి లయ ఎక్కడ పుడుతుందన్నది దాదాపు తేలిపోయింది: మెదడు కాండంలో, ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్‌లో. ఎలా పుడుతుందన్నదే మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. కొన్ని పేస్‌మేకర్ కణాలు వాటంతటవే కొట్టుకుంటూ మిగతావాటిని లాక్కుపోతాయని ఒక పక్షం. ఏ కణానికీ ఆ పెత్తనం లేదు, ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకునే గుంపులోంచే లయ వస్తుందని యూసీఎల్‌ఏ శాస్త్రవేత్త జాక్ ఫెల్డ్‌మన్ పక్షం. ఊపిరిని అణిచే మార్ఫిన్ జాతి మందులకు లొంగే గ్రాహకాలు ఈ కణాల మీదే ఉన్నాయని 1999లో ఆయన ప్రయోగశాలే చూపింది కాబట్టి, ఇది ఉత్త పండితుల పేచీ కాదు. చూడాల్సింది 1991 నాటి ప్రయోగాన్ని.

అప్పట్లో ఫెల్డ్‌మన్, తర్వాత పేస్‌మేకర్ పక్షాన నిలిచిన జెఫ్రీ స్మిత్ ఒకే జట్టు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడు కాండాన్ని పొర తర్వాత పొర కోసుకుంటూ పోయి, ఏ పొర తీస్తే లయ ఆగుతుందో చూశారు. చివరికి అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా మందమున్న ముక్క ఒక్కటే లయ కొట్టింది. మరీ పలచగా కోస్తే లయ పోతుంది. మందమైతే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. పెద్ద ఎలుకలతో కుదరనిదీ అందుకే. నాలుకను కదిపే హైపోగ్లాసల్ నాడి వేర్లు ముక్కలో మిగలాలి. లేదంటే లయ ఉన్నా నాడి మీద దాన్ని నమోదు చేసే దారి ఉండదు.

ఇంత జాగ్రత్తపడ్డా చాలదు. కోతతో చుట్టుపక్కల నుంచి అందే ఊతం తెగిపోయి లయ నీరసిస్తుంది. అందుకని ముక్కను తడిపే ద్రావణంలో పొటాషియాన్ని 3 మిల్లీమోలార్ నుంచి 9 దాకా పెంచుతారు. 27 డిగ్రీల దగ్గర లెక్కేస్తే పొటాషియం సమతుల్య వోల్టేజి (కణం పొర దగ్గర పొటాషియం రాకపోకలు సరిసమానమయ్యే వోల్టేజి) 28 మిల్లీవోల్టుల మేర పైకి జరుగుతుంది. అంటే కణాలన్నీ ఉద్రేకపు అంచుకు చేరతాయి. కొన్ని వాటంతటవే కొట్టుకోవడం కనిపించింది ఇలా లేపి ఉంచిన ముక్కలోనే. పేస్‌మేకర్ వాదం అక్కడ మొలిచింది. 1999లో స్మిత్ వర్గం దానికి నిలకడ సోడియం ప్రవాహంతో, అంటే కణంలోకి సోడియం త్వరగా ఆగకుండా సన్నగా పారే విద్యుత్ ప్రవాహంతో, గణిత నమూనా కట్టింది.

2002లో ఫెల్డ్‌మన్ ప్రయోగశాల రిలుజోల్ అనే మందుతో ఆ ప్రవాహాన్ని అణిచింది. లయ ఆగలేదు. 2005లో మరో రకం పేస్‌మేకర్లను అణిచే ఫ్లుఫెనమిక్ యాసిడ్ కూడా కలిపారు, అప్పుడు ఆగింది. అయితే పేస్‌మేకర్లు అణిగి ఉండగానే కణాలను ఉద్రేకపరిచే సబ్‌స్టెన్స్ పి చుక్క కాస్త వేస్తే లయ తిరిగొచ్చింది. ఆగింది ఊతం చాలకే తప్ప పేస్‌మేకర్లు పోయినందుకు కాదన్నమాట. 2007లో ఆయన పూర్వ సహచరుడు క్రిస్టఫర్ డెల్ నెగ్రో బృందం రిలుజోల్‌ను నేరుగా ప్రీబోట్జింగర్‌లోకే ఎక్కిస్తే లయకు ఏమీ కాలేదు. మెదడు కాండం మధ్యగీత మీదుండి ప్రీబోట్జింగర్‌కు ఊతమిచ్చే రాఫే కణాల్లోకి ఎక్కిస్తే ఆగింది.

నిలకడ సోడియం ప్రవాహం లేనిదే లయ లేదని స్మిత్ వర్గం నేటికీ అంటుంది.

2013లో ఫెల్డ్‌మన్ బృందం ముక్క ఉద్రేకాన్ని తగ్గించి చూసింది. నాడి మీద పెద్ద పేలుళ్లు, అంటే ఒక్కసారిగా గుప్పున వచ్చే సంకేతాలు, కొన్ని తప్పిపోయాయి. అవి రావాల్సిన వేళకు ప్రీబోట్జింగర్‌లో మాత్రం చిన్న చిన్న అలలు కొడుతూనే ఉన్నాయి. వాటికి బర్స్ట్‌లెట్లని పేరు పెట్టారు. పొటాషియం 9 దగ్గర ఉన్నప్పుడు అలాంటి అలలో చాలా భాగం పేలుడులోనే కలిసిపోతుంది.