"నరాల బలహీనత" గురించి: అపోహలు - వాస్తవాలు

నాడీ వైద్యుడిగా నేను రోజూ వినే మాట "నరాల బలహీనత". ఆ మాట చెబుతూ ఒకరు పిక్క మీద ఉబ్బిన నీలి గీతలు చూపిస్తారు, ఇంకొకరు మెడ పట్టేసిందంటారు, మరొకరు అరికాళ్లు మండుతున్నాయంటారు. వాడుకలో రక్తనాళమైన సిరనూ, కండరాన్ని ఎముకకు కలిపే కండర బంధాన్నీ, సంకేతాలను మోసే నాడినీ కూడా నరమనే అంటాము. సగం అపోహలకు మూలం ఇదే. పోనీ నాడి అందామంటే, అది మణికట్టు దగ్గర పట్టి చూసేదాన్ని కూడా గుర్తుచేస్తుంది.

అపోహ: ఉబ్బి కనిపించేవి నరాలే, సెలైన్ ఎక్కించేది వాటిలోకే.
వాస్తవం: అవి రక్తాన్ని మోసే సిరలు. నాడి తెల్లని తాడులాంటి తంతువుల కట్ట, అందులో నడిచేవి విద్యుత్ సంకేతాలు. మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. మోచేయి తలుపుకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనిపించేది నాడి.

అపోహ: పిక్క పట్టేస్తే నరం మీద నరం ఎక్కినట్టు.
వాస్తవం: బిగుసుకున్నది కండరం. పాదాన్ని పైకి వంచి సాగదీస్తే వదులుతుంది.

అపోహ: ఏ తిమ్మిరికైనా బలం ఇంజెక్షన్లు చాలు.
వాస్తవం: బి12 లోపం ఉన్నవారికి ఆ విటమిన్ తప్పనిసరే, కానీ తిమ్మిరి ఎక్కడ ఉందో చూడకుండా మందు రాయడం నాకు నచ్చదు. మధుమేహంలో సాధారణంగా పొడవైన నాడులు ముందు దెబ్బతింటాయి కనుక తిమ్మిరి రెండు పాదాల వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది, కాలి చెప్పు జారిపోయినా తెలియని స్థితి వస్తుంది. కుట్టుపని చేసే ఒకావిడ ఏడాదిపాటు ఆ ఇంజెక్షన్లే వేయించుకున్నారు. అర్ధరాత్రి లేచి చేయి విదిలిస్తే తగ్గుతుందనీ, బొటన, చూపుడు, మధ్య వేళ్లకే తిమ్మిరి గానీ చిటికెన వేలికి లేదనీ ఆమె చెప్పగానే, మణికట్టులో ఆ వేళ్లకు వెళ్లే మీడియన్ నాడి నొక్కుకుపోతోందని అర్థమైంది. రాత్రిళ్లు మణికట్టుకు పట్టీ వేయించాము.

అపోహ: పక్షవాతం చేతి, కాలి నరాల జబ్బు, ముందు పసరు పోయించాలి.
వాస్తవం: మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో వచ్చేది పక్షవాతం. మెదడు నుంచి దిగే తంతువుల్లో ఎక్కువ భాగం వెన్నుపాములోకి చేరేముందు అవతలి వైపుకు దాటుతాయి కనుక, ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చేయీ కాలూ పడిపోతాయి. రక్తపు గడ్డను కరిగించే మందును స్కాన్ తీశాక, సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తాము. ఆ గంటలను మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి లెక్కిస్తాము కనుక, నిద్రలేచేసరికి మూతి వంకర పోయి ఉంటే రాత్రి ఎన్నింటికి పడుకున్నారో గుర్తుచేసుకుని చెప్పండి.