ముందే డబ్బు కట్టిన అంత్యక్రియలు: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల తెలుగువారి ఇళ్లలో నేను ఏ పని చేస్తానో చెప్పగానే వినిపించే మాట ఒకటే: "తథాస్తు దేవతలుంటారు, ఆ మాటలు ఇప్పుడెందుకండీ?" అంత్యక్రియలు జరిపించే సంస్థలో, అంటే ఫ్యునరల్ హోమ్‌లో, ముందస్తు ఒప్పందాలు రాయడం నా ఉద్యోగం. మనిషి బతికుండగానే తన అంత్యక్రియలకు ఏమేం కావాలో ఎంచుకుని, నేటి ధరకు డబ్బు కట్టే ఒప్పందాలివి. కాసేపయ్యాక అదే పెద్దమనిషి నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఆ డబ్బుకు పూచీ ఎవరు?" అని అడుగుతారు. ఒప్పందం రాస్తే నాకు కమిషన్ వస్తుంది. ఈ కింది మాటలు ఆ సంగతి గుర్తుంచుకునే చదవండి.

అపోహ: అమెరికా అంతటా దీనికి ఒకటే చట్టం.

కాదు. దేశమంతటికీ వర్తించేది వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1984లో అమల్లోకి తెచ్చిన ఫ్యునరల్ రూల్. ధరల పట్టిక చేతికివ్వాలి, ఫోనులో అడిగినా ధర చెప్పాలి, అక్కర్లేనివి అంటగట్టకూడదు అంటుందది. ముందే కట్టిన డబ్బు ఎక్కడ దాచాలి, ఎంత దాచాలి, రద్దు చేసుకుంటే ఎంత తిరిగివ్వాలి అన్నవి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకుంటుంది. న్యూయార్క్‌లో కట్టిన ప్రతి డాలరూ ట్రస్టులోకి, అంటే అంత్యక్రియల కోసమే విడిగా దాచే నిధిలోకి, వెళ్లాలి. టెక్సాస్‌లో అలా కాదు. అందుకే న్యూజెర్సీలో ఉన్న బావగారి అనుభవం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు.

అపోహ: డబ్బు ఫ్యునరల్ హోమ్ యజమాని జేబులోకి పోతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. మిస్సోరీ కేంద్రంగా నడిచిన నేషనల్ ప్రీఅరేంజ్డ్ సర్వీసెస్ అనే సంస్థ 2008లో కుప్పకూలింది. 16 రాష్ట్రాల్లో 97,000 మంది దాకా దాని ఖాతాదారులు. వాళ్లు అంత్యక్రియల కోసం కట్టిన డబ్బును నిర్వాహకులు సొంత అవసరాలకు మళ్లించారు. ఆరుగురికి 2013లో జైలుశిక్షలు పడ్డాయి. బీమా సంస్థలు మూతపడితే పాలసీదారులను ఆదుకునే రాష్ట్రాల హామీ సంఘాలు ముందుకొచ్చాయి. చాలా ఫ్యునరల్ హోమ్‌లు నష్టం భరించి ఒప్పుకున్న పని చేశాయి. ఆ దెబ్బతో మిస్సోరీ మరుసటి ఏడాదే తన చట్టాన్ని తిరగరాసుకుంది.

ఇక టెక్సాస్ సంగతి. ఇక్కడ ఈ ఒప్పందాలపై అజమాయిషీ రాష్ట్ర బ్యాంకింగ్ శాఖది. శ్మశానాలకూ బ్యాంకులకూ ఏం సంబంధమని నవ్వేవారుంటారు. ఇరవై ఏళ్ల తర్వాత చేస్తానని చెప్పి ఈరోజు డబ్బు తీసుకునేవాడు బ్యాంకులాంటివాడే కదా! అమ్మేవారు ఆ శాఖ నుంచి పర్మిట్ తీసుకోవాలి, శాఖ ఆమోదించిన ఒప్పంద పత్రాలే వాడాలి, తనిఖీకి వచ్చినవారి ముందు లెక్కలు పెట్టాలి.

డబ్బు రెండు దారుల్లో ఒకదానిలో వెళుతుంది. మొదటిది ట్రస్టు. మీరు కట్టే ప్రతి వాయిదాలో సగం వరకు అమ్మినవారు ఉంచుకోవచ్చు, అయితే మొత్తం మీద ఒప్పందం విలువలో 10 శాతం మించకూడదు. 6,000 డాలర్ల ఒప్పందమైతే వాళ్లకు దక్కేది 600 దాకా, మిగిలినదంతా ట్రస్టులో పడాల్సిందే. ట్రస్టు ఒప్పందాల విషయంలో అమ్మినవారు చేతులెత్తేస్తే ఆదుకోవడానికి రాష్ట్రంలో ఒక హామీ నిధి కూడా ఉంది. రెండో దారి బీమా: మీ పేరిట జీవిత బీమా పాలసీ తీసుకుంటారు, పోయాక ఆ సొమ్ము అంత్యక్రియలకు వెళుతుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా రద్దు చేసుకునే రోజున తెలుస్తుంది. ట్రస్టు ఒప్పందమైతే అమ్మినవారు ఉంచుకున్న భాగం పోను మిగిలింది వస్తుంది. బీమా అయితే పాలసీ సరెండర్ విలువే (పాలసీని మధ్యలో వదులుకుంటే కంపెనీ తిరిగిచ్చే సొమ్మే) వస్తుంది, మొదటి కొన్నేళ్లలో అది కట్టినదానికంటే బాగా తక్కువ ఉండొచ్చు. సంతకానికి ముందు "ఇది ట్రస్టా, బీమానా?" అని అడగండి. నాలాంటివాళ్లలో కొందరు ఆ ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబిస్తారు. అలాంటి చోట పెన్ను మూసేయండి.

అపోహ: ఒకసారి కట్టేస్తే పిల్లలు ఒక్క డాలరు కూడా తీయనక్కర్లేదు.

ఒప్పందంలో ధర ఖాయం చేసిన వాటికి మాత్రమే ఆ మాట వర్తిస్తుంది. ఫ్యునరల్ హోమ్ బయటివారికి చెల్లించేవి, అంటే పత్రికా ప్రకటన, మరణ ధ్రువపత్రాల నకళ్లు, పంతులుగారి దక్షిణ వంటివి సాధారణంగా ఆనాటి ధరకే పడతాయి. మన ఇళ్లలో ఎక్కువగా మరచిపోయేది ఇంకొకటుంది. దహనం గదిలో కుటుంబం నిలబడి, కొడుకో కూతురో చేత్తో మీట నొక్కడం. చాలా చోట్ల దానికి ధరల పట్టికలో ప్రత్యేకంగా రుసుము ఉంటుంది. కావాలనుకుంటే ఒప్పందంలో రాయించుకోవాలి.

రాయించుకోనక్కర్లేనిది ఖరీదైన చెక్క పేటిక. నేరుగా దహనానికి పేటిక తప్పనిసరని చెప్పడం ఫ్యునరల్ రూల్ ప్రకారం తప్పు. అట్టతోనో చౌక చెక్కతోనో చేసిన పెట్టె అందుబాటులో ఉంచాలి. ఎంబామింగ్, అంటే శరీరం పాడవకుండా రసాయనాలు ఎక్కించడం, కూడా అంతే. టెక్సాస్‌లో 24 గంటలు దాటి ఉంచే భౌతికకాయానికి శీతలీకరణ సరిపోతుంది. పదిమంది దర్శనానికి పెడితే ఎంబామింగ్ చేయాల్సిందేనని కొన్ని హోమ్‌లు పట్టుబడతాయి. అది వాళ్ల నియమం, రాష్ట్ర చట్టం కాదు.

అపోహ: అన్నీ ముందే కట్టాం, ఆ రోజే దహనం అయిపోతుంది.

టెక్సాస్‌లో మరణించిన 48 గంటల దాకా దహనం కుదరదు. మరణ కారణం తేల్చే ప్రభుత్వ వైద్యాధికారి (మెడికల్ ఎగ్జామినర్) గానీ స్థానిక న్యాయాధికారి (జస్టిస్ ఆఫ్ ది పీస్) గానీ రాతపూర్వకంగా మినహాయిస్తే తప్ప. పొద్దుగూకేలోగా అయిపోవాలని పట్టుబట్టే పెద్దలకు ఇది చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

అపోహ: సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) అంత్యక్రియల ఖర్చులిస్తుంది.

ఒకేసారి 255 డాలర్లు. అదీ భార్యకో భర్తకో, కొన్ని సందర్భాల్లో పిల్లలకో. అంతే.

అపోహ: సంతకం పెట్టాల్సింది పెద్దకొడుకే.

మన ఆచారంలో కర్త ఎవరైనా, టెక్సాస్ చట్టం వరుస వేరు. రాతపూర్వకంగా మీరు నియమించిన వ్యక్తికి మొదటి హక్కు, తర్వాత జీవిత భాగస్వామికి, ఆ తర్వాత వయసొచ్చిన పిల్లల్లో ఏ ఒక్కరికైనా. పెద్ద, చిన్న, ఆడ, మగ తేడాలేదు. అన్న హైదరాబాదులో, చెల్లెలు ఇక్కడే డాలస్ పక్కన ప్లేనోలో ఉన్న ఇంట్లో ఈ వరుస తెలియక రెండు రోజులు ఫోనులో వాదులాడుకోవడం చూశాను. డబ్బు ముందే కట్టి ఉంది, ఎవరు ఊ అనాలో తేలలేదు. ఒప్పందంతో పాటు ఆ నియామక పత్రం కూడా రాసిపెట్టుకోండి.

అపోహ: మెడికెయిడ్‌కు (ఆదాయం, ఆస్తి తక్కువున్నవారికి ప్రభుత్వమిచ్చే వైద్య సాయానికి) వెళితే ఈ డబ్బు పోతుంది.

మెడికెయిడ్‌లోనూ, తలకు 2,000 డాలర్లకు మించి ఆస్తి ఉండకూడదనే ఎస్ఎస్ఐ (పేద వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా ప్రభుత్వమిచ్చే సాయం) వంటి పథకాల్లోనూ, రద్దు చేయడానికి వీల్లేని ఒప్పందాన్ని ఆస్తిగా లెక్కించరు. అందుకే అర్హత దగ్గర పడ్డ పెద్దలు అలాంటిది ఎంచుకుంటారు. కానీ రద్దు హక్కు వదులుకున్నాక ఇల్లు కొనడానికనో, పెళ్లికనో ఆ డబ్బు వెనక్కి అడగలేరు. తొందరపడి పెట్టే సంతకం కాదది.

అపోహ: విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కూడా తీసుకోవాలి.

అక్కర్లేదు. వారి కోసం తీసుకున్న ప్రయాణ బీమాలో భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు ఉందో లేదో, ఎంత వరకు ఉందో చూసుకోండి. ఇలా అడిగి వచ్చిన వాళ్లను నేను ఉత్తచేతులతోనే పంపిస్తాను, మా మేనేజరుకు అది నచ్చకపోయినా.

అపోహ: కాగితాలు బ్యాంకు లాకరులో ఉంటే భద్రం.

భద్రమే, పదకొండో రోజున ఎవరో లాకరు తెరిచేదాకా. ఆలోగా పిల్లలు వేరే హోమ్‌కు మొత్తం డబ్బు కట్టేసి ఉంటారు. నా ఒప్పందం పాస్‌పోర్టులుండే కవరులో పెట్టాను. మా అబ్బాయికి చూపిస్తే చదవకుండానే పక్కన పెట్టి, "సరే నాన్నా, ఎక్కడుందో తెలిసింది" అన్నాడు.